కొమ్ముమెరక లాకు తల్లికి థాంబర్లమ్మ అనే పేరెలా వచ్చిందంటే

కొమ్ముమెరకలో ఆటో దిగగానే గోపురం కోసం పైకి చూడకండి. గోపురం లేదు. కాలవ మీద నీళ్లాపే తలుపుల లాకు ఉంటుంది, లాకు పక్కన బజ్జీల బండి, బండి వెనకాల రేకుల షెడ్డు. ఆ షెడ్డే గుడి. లోపల విగ్రహం కూడా ఉండదు, ముందే చెప్పేస్తే మంచిది, తర్వాత ఫీలవ్వొద్దు. మనిషెత్తు టేకు చెక్క ఒకటి, దానికి తుప్పు పట్టిన ఇనప పట్టీ. చెక్క మొత్తానికి పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, ఎర్ర చీర చుట్టి ఉంటుంది. పాత లాకు తలుపులో ముక్క అది. ఆవిడే థాంబర్లమ్మ తల్లి.

పేరు తేడాగా ఉంది కదా. ఉంటుంది మరి, అది ఇంగ్లీషోళ్ల ఇంటిపేరు. కాకపోతే వాళ్ల దేశంలో ఎంత వెతికినా ఆ పేరున్న మనిషి దొరకడు. ఇక్కడ ఈ కాలవ పొడుగునా దొరుకుతారు. లాకు ఉన్న ప్రతి ఊళ్లో రెండిళ్లో మూడిళ్లో థాంబర్లీ వాళ్లుంటారు. థాంబర్లీ చంటమ్మ ఉంది, థాంబర్లీ ఏడుకొండలు ఉన్నాడు, టైర్ల షాపు థాంబర్లీ మస్తాన్ కూడా ఉన్నాడు. కులం ఒకటి కాదు, మతం ఒకటి కాదు, మొహాల్లో పోలికలు అసలే లేవు. కాలవ వదిలి పొలాలకి అడ్డంగా పక్కూరెళ్తే మళ్లీ ఆ పేరే వినపడదు. నీళ్లు పోయిన దారినే పేరు పోయింది. ఎందుకలా అంటే కథ వినాలి.

పూర్వం ఇక్కడ ఈ కాలవ లేదు. రెల్లు, ఒండ్రుమట్టి, పాములు, అంతే. దొరలొచ్చి తవ్వించారు. తవ్వడం బానే అయిపోయింది, లాకు మాత్రం నిలబడలేదు. తలుపులు బిగించి నీళ్లు వదలడం, అడుగున రాతికట్టు బీటలివ్వడం, తలుపులు ఊడి కొట్టుకుపోవడం. ఎప్పుడు బిగించినా అదే గోల. ఆఖరిసారి తలుపు కింద పడి ఇద్దరు కూలీలు పోయారు. కింద ఊళ్లవాళ్లేమో నారు పోసుకుని, నీళ్లెప్పుడొస్తాయా అని గట్ల మీద కూర్చున్నారు.

ఆ కూలీలకి వండిపెట్టే మనిషి పల్లాలు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, నోరు మాత్రం ఉంది. గంజి మరీ పలచగా ఉందన్నోడికి "ఈత రాదేంట్రా నీకు?" అని ఇంకో గరిటె పోసే రకం.

ఒక వరదప్పుడు ఎగువ నించి దోనె ఒకటి కొట్టుకొచ్చి లాకు గోడకి తగిలింది. ఖాళీదనుకున్నారు. చూస్తే అడుగున నాలుగైదేళ్ల పిల్ల, జుట్టంతా బురద. ఎవరి పిల్లో తెలీదు. బుజ్జీ అన్నారు, చిన్నీ అన్నారు, అమ్మడూ అన్నారు, తల తిప్పితే ఒట్టు. చెవుడేమో అనుకున్నారు. కానీ పొయ్యి మీద మూత కదిలితే చాలు, టక్కున అటు చూసేది. అంటే బానే వినపడుద్ది, పిలిస్తేనే తిరగదు. పల్లాలు ఇంక పిలవడం మానేసి ముద్దలు పెట్టడం మొదలెట్టింది. పిల్ల ఆవిడ కొంగు పట్టుకుని పొయ్యి చుట్టూ తిరుగుతా ఉండేది. పల్లాలుకి ఆ కొంగు బరువు అలవాటైపోయింది.

రాతిపనికి పెద్ద అంకయ్య మేస్త్రి. ఆయన్ని చెడ్డోడనలేం, పోయిన ఇద్దరిలో ఒకడు ఆయన తమ్ముడే. ఒకరోజు పొద్దున్నే గంజికొచ్చి, తాగకుండా గిన్నె పట్టుకుని కూర్చున్నాడు.

"పల్లాలూ, ఆ పిల్ల ఏ ఇంటిది?"

"నాకేం తెలుసు మేస్త్రీ. కాలవ తెచ్చింది, కాలవనడుగు."

"ఇంటిపేరు?"

"దానికి పేరే లేదంటే ఇంటిపేరెక్కణ్ణించి తెచ్చేది?"

"నేననేదీ అదే. ఇంటిపేరు లేదంటే దాని వెనకాల ఇల్లు లేదు. ఏమైందని అడగడానికి ఎవరూ రారు." గిన్నె కింద పెట్టాడు. "కాలవ అడుగుతోందమ్మా. కట్టు కింద ఓ ప్రాణం పెడితేగానీ నిలబడదంటన్నారు మావాళ్లు. అమాస రోజు తలుపు బిగిస్తున్నాం. సరదాకి కాదు. ఇంకో ఇంట్లో నా తమ్ముడిలాంటోడు పోకూడదని."

"లే ఇక్కణ్ణించి" అంది పల్లాలు. ఆయన లేవలేదు. ఆవిడ మరిగే గంజిలోంచి గరిటె తీసింది. అప్పుడు లేచాడు.

ఆయన వెళ్లాక పల్లాలు పిల్లని దగ్గరికి లాక్కుని లెక్కలేసుకుంది. పారిపోదామంటే పడవలన్నీ కంట్రాక్టరువే. పని చేయించే దొరకి చెబుదామంటే, దొర ఇవాళ ఆపుతాడు, రేపు జొరమొచ్చి పడుకుంటే ఎవడాపుతాడు? ఇంతమంది నమ్మేశాక కాపలా ఎన్నాళ్లు పనిచేస్తుంది?

ఆ మధ్యాహ్నం అంట్లు తోముతా తోముతా కూర్చున్నచోటే కునుకు పట్టింది. కల్లో ఒక ఆడమనిషొచ్చింది. తడి చీర, మోకాళ్లదాకా బురద. అమ్మవారంటే ధగధగా ఉంటదనుకునేది పల్లాలు. ఇదేంటి, నాట్లేసి వస్తన్నట్టుందే అనుకుంది.

"ఎవరమ్మా నువ్వు?"

"అదే నాకూ తెలీదే. గోదారికి పేరుంది. ఊరూరి అమ్మకీ పేరుంది. నేను కొత్త నీళ్లని. తవ్వారు, వదిలారు, ఎవరూ నన్ను పిలవలేదు. పిలవని చోట నేనెందుకాగాలి? అందుకే పోతన్నా."

"మరి పిల్లనడిగింది నువ్వేనా?"

"పిల్లని తిని నేనేం చేసుకుంటానే! అదీ నాలాంటిదే. అమాసలోగా దానికో ఇంటిపేరు తీసుకురా. దానికిచ్చిందే నాకూ ఇవ్వు, ఆగుతా. కానీ ఇచ్చినవాళ్లు మొత్తం ఇచ్చెయ్యాలి. వాళ్లకి మిగలకూడదు. సగం పేరు నాకొద్దు."

పల్లాలు లేచి మొహం కడుక్కుని బయల్దేరింది. తనదే ఇచ్చేద్దామంటే తనది మొగుడిది, దాని మీద పెత్తనం బావగారిది. ముందు ఆయన దగ్గరికే వెళ్లింది.

"మా ఇంటిపేరు, కాలవలో కొట్టుకొచ్చినదానికా?" అన్నాడాయన. "పైగా మాకు మిగలదా? ఎండ తగిలిందేమో, ఇంటికెళ్లి మజ్జిగ తాగు."

తర్వాత కరణంగారు. ఆయన నవ్వి నవ్వి పొలమారి, "ఇంటిపేరంటే అరువిచ్చే రోకలనుకున్నావా పల్లాలూ?" అన్నాడు. వడ్రంగి మంచోడు పాపం, చేట నిండా బియ్యం తెచ్చి పోశాడు. "ఇది తీసుకో అక్కా, బట్ట కావాలన్నా అడుగు. అది మాత్రం అడక్కు" అన్నాడు. నాలుగో వీధికెళ్లేసరికి ఈవిడొస్తోందని తెలిసి తలుపులేసుకోవడం మొదలెట్టారు. ఊరు నిండా ఇళ్లే, ఇంటిపేరిచ్చే ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు.

ఇంక మిగిలింది దొర.

ఆయనే థాంబర్లీ దొర, ఈ లాకు పని చూసేవాడు. తెలుగు కూలీల దగ్గర నేర్చుకున్నాడు, అందుకని ఆడామగా తేడా లేకుండా అందర్నీ "ఒరే" అనేవాడు. ఆయన దేశంలో కూడా ఆ పేరుతో ఉన్నది ఒకటే ఇల్లంట. తండ్రి పోయాడు, అన్నదమ్ముల్లేరు, భార్య ఎప్పుడో పోయింది. వెంట తెచ్చుకున్న కొడుకు జొరమొచ్చి ఇక్కడే పోయాడు, ఈ గట్టు మీదే పూడ్చారు. అప్పట్నించి దొర తన పేరు ఒక పెద్ద రాయి మీద చెక్కించడం మొదలెట్టాడు. లాకు నిలబడితే గోడలో ఆ రాయి పెట్టించాలని. పల్లాలు వెళ్లేసరికి ఆ రాయి పక్కనే కూర్చుని ఉన్నాడు.

"దొరగారూ, మీ ఇంటిపేరు కావాలండి."

"ఏంట్రా పల్లాలూ?"

ఆవిడ మొత్తం చెప్పింది. మేస్త్రి మాట, కల, మిగలకూడదన్న సంగతి, ఏదీ దాచలేదు. దొర మొహం ఎర్రబడింది.

"అంకయ్యని నేను ఆపుతాను. పిల్లకి ఏమీ కాదు. వెళ్లు."

"మీరెన్నాళ్లాపుతారండి? మీ పేరైతే ఎప్పటికీ ఆపుద్ది. వెనకాల ఇల్లుందంటే ఎవడూ చెయ్యి వెయ్యడు."

"ఒరే, ఆ పేరు ఈ రాయికి. నా తర్వాత ఎవరూ లేరు. రాయి మీద ఉంటే ఉండిపోతుంది."

పల్లాలు రాయి దగ్గరికెళ్లి, ఒంగి, దాని మొహం మీదే అరిచింది. "థాంబర్లీ!"

రాయి రాయిలాగే ఉంది. దొర మాత్రం తుళ్లిపడి తలెత్తాడు. అందరూ దొరా దొరా అనేవాళ్లే, ఆ పేరుతో ఒక గొంతు పిలిచి ఎన్నాళ్లయిందో.

"చూశారా అండి? ఇది తిరగదు. పేరన్నాక, పిలిస్తే వెనక్కి తిరిగేది ఒకటుండాలి."

దొర ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. గట్టు వైపు, కొడుకుని పూడ్చిన చోటు వైపు చూస్తా కూర్చున్నాడు. పల్లాలు పిల్లకి అన్నం టైమైందని వచ్చేసింది.

అమాస వచ్చింది. పొద్దున్నే లాకు దగ్గర జనం. పల్లాలు పిల్లని పొయ్యి వెనకాల దాచింది కానీ, నలుగురొచ్చి ఆవిడ రెక్కలు పట్టుకుంటే మేస్త్రి పిల్లని ఎత్తుకెళ్లాడు. కట్టు అంచున నిలబెట్టి భుజం మీద చెయ్యేశాడు. పిల్ల ఏడవలేదు, నీళ్లకేసి చూస్తోంది. పల్లాలు తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం కుదరదు.

అప్పుడు అవతలి గట్టు మీదికి దొర వచ్చాడు, ఒక్కడే. మధ్యలో లాకు గొయ్యి.

"అంకయ్యా, వదులు దాన్ని."

"ఎవరిదని వదలమంటారు దొరా?" అన్నాడు మేస్త్రి. "ఒక్కరు నాదనండి, వదిలేస్తా."

దొర రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పెట్టుకున్నాడు. ఊపిరి తీసుకుని పిలిచాడు.

"థాంబర్లీ!"

పిల్ల తల తిప్పింది.

ఎవరు పిలిచినా తిరగని పిల్ల, నీళ్ల మీంచి చూపు తీసి, దొరకేసి చూసి, "ఆఁ" అంది. చిన్న గొంతే. కానీ గట్టు మీద అంతమందికీ వినపడింది. మేస్త్రి చెయ్యి దానంతటదే జారిపోయింది. ఆయన అక్కడే కూలబడి తమ్ముణ్ణి తలుచుకుని ఏడ్చాడు. పిల్ల మాత్రం మామూలుగా నడుచుకుంటా వచ్చి పల్లాలు కొంగు పట్టుకుంది.

పల్లాలు కళ్లు తుడుచుకుని, కూరలోకి నూరుకున్న పసుపు ముద్ద తెచ్చి లాకు తలుపుకి రాసింది. గొయ్యిలోకి ఒంగి, "ఇదిగో, నువ్వూ థాంబర్లమ్మవే! వినపడిందా? ఇంక ఆగు!" అంది. తలుపు బిగించారు, నీళ్లొదిలారు. నీళ్లొచ్చి తలుపుకి తగిలి, ఒక్కసారి పైకి లేచి, ఆగాయి. అంతే, ఆగిపోయాయి. సాయంత్రానికి కింద ఊళ్ల నారుమళ్లు తడిశాయి.

దొర ఆ రాయిని తనే నలుగురి చేత మోయించి, రాసిన వైపు కిందకి బోర్లించి, రేవులో మెట్టుగా వేయించాడు. తర్వాత కొన్నాళ్లకి పడవెక్కి వెళ్లిపోయాడు. ఎక్కేటప్పుడు పడవాయన, "ఎగువ రేవుల్లో ఎవరన్నా అడిగితే ఏ దొరని చెప్పమంటారండి?" అన్నాడు. దొర ఇవతలి గట్టు మీద పల్లాలు పక్కనున్న పిల్లని చూపించి, "పేరు అక్కడ ఉందిరా" అన్నాడు. ఆయన దేశంలో ఆ పేరు లేకపోవడానికి కారణం అదీ.

పల్లాలు ఆ పిల్లకి నీలాలు అని పేరు పెట్టుకుంది. థాంబర్లీ నీలాలు. పెళ్లీడొచ్చాక, పెళ్లయితే ఇంటిపేరు మారుద్ది కదా అన్నారందరూ. "మారేది వాడిది, ఇష్టముంటే చేసుకుంటాడు, లేకపోతే దారి అటుంది" అంది పల్లాలు, ముసలైనా నోరు తగ్గలేదు. చేసుకున్నోడు పేరు మార్చుకున్నాడు. వాళ్ల పిల్లలు లాకు తలుపులు తీసే లస్కర్ల పనిలో చేరి ఒక్కో లాకుకీ ఒక్కొక్కరు వెళ్లారు. ఎక్కడికెళ్లినా, పేరు లేనివాళ్లు ఎవరొచ్చినా పట్టుకొచ్చి ఇక్కడ నిలబెట్టి పిలిచేవాళ్లు. పేరు కాలవ వెంటే ఎందుకుందో, మొహాలెందుకు కలవవో ఇప్పుడర్థమైపోయుంటుంది.

ఇప్పటికీ జ్యేష్ఠ మాసం అమాస పొద్దున ఆ పిలుపు జరుగుతుంది. పూజారి లేడు, టికెట్టు లేదు. పేరు కావాల్సినవాళ్లు లాకుకి వీపు పెట్టి బోర్లించిన రాయి మీద నిలబడాలి. అవతలి గట్టు మీంచి థాంబర్లీ వాళ్లలో ఎవరో ఒకరు గట్టిగా పిలుస్తారు. వెనక్కి తిరిగి "ఆఁ" అంటే అయిపోయినట్టే, ఆ క్షణం నించి వాళ్లకో ఇల్లుంది. హాస్టలు పిల్లలొస్తారు, ప్రేమ పెళ్లి చేసుకుంటే ఇంట్లోంచి గెంటేసినవాళ్లొస్తారు, మొగుడి పేరు వద్దనుకున్నవాళ్లొస్తారు. ఎందుకొచ్చావని అడగడం ఇక్కడ పద్ధతి కాదు. పిలుపయ్యాక అందరికీ గంజి పోస్తారు, పలచగానే ఉంటుంది, వంక పెట్టొద్దు.

ఈ తల్లిని నమ్ముకున్నవాళ్లకి డబ్బొస్తుందనో ఉద్యోగమొస్తుందనో ఇక్కడెవరూ చెప్పరు. ఎక్కడున్నా పిలిచే గొంతు ఒకటుంటుంది, అంతవరకే అమ్మ పూచీ. నమ్మకం కుదరకపోతే వెళ్లేముందు లాకు మీద నిలబడి, సిగ్గుపడకుండా, ఒకసారి గట్టిగా "థాంబర్లీ" అని పిలిచి చూడండి. బజ్జీల బండి దగ్గర సగం మంది వెనక్కి తిరుగుతారు.