చీమల పుట్టలో కొత్త చెల్లెలు

జొన్నచేను గట్టు కింద నల్లచీమల పుట్ట ఒకటి ఉండేది. అక్కడ కాపలాకు కళ్లతో పని లేదు. వచ్చినవాళ్లను మీసాలతో తడిమి చూడాలి. మన వాసనైతే లోపలికి పంపాలి, కాకపోతే కొరికి తరమాలి. అమ్మమ్మల నాటి నుంచి అదే చట్టం.

ఆ సంగతి ఒక పెంకుపురుగుకు తెలిసింది. అది పుట్ట వెనక గోడ మీద ఉమ్మింది. ఆ ఉమ్మికి రాయిలాంటి మట్టి నానిన అటుకుల్లా మెత్తబడింది. కన్నంలో తల పెట్టేసరికి కాపలా చీమ గడపమ్మ ఎదురైంది.

"ఎవరే నువ్వు?"

"అదేంటక్కా, చెల్లెల్ని మర్చిపోయావా?" అంటూ పురుగు దాని మీసాలకు ఇంకో చుక్క ఉమ్మి రాసింది. దాంతో పురుగు కంపు గడపమ్మకు పుట్ట వాసనలా తోచింది.

"అవునే, మనదానివే. కాస్త లావెక్కావు, అంతే" అని పక్కకు జరిగింది.

లోపల పురుగు ముద్దుపెట్టే నెపంతో ప్రతి చీమకూ ఉమ్మి పూసింది. వారం తిరిగేసరికి చీమలు గింజలు ఏరడం మానేశాయి. దానికోసం గది వెడల్పు చేశాయి, నోటికి మేత అందించాయి. అయినా దాని ఆకలి ఆగలేదు. పిల్లల గదిలో గుడ్లు మాయమవడం మొదలైంది.

ఆ గదిని చూసుకునే ముసలి చీమ సూరమ్మకు మీసాలు ఎప్పుడో విరిగిపోయాయి. వాసన తెలియదు కనుక ఉమ్మి దానిమీద పనిచేయలేదు.

"గడపమ్మా, ఆ గుమ్మడికాయ మన చెల్లెలా? దాని మూతికి గుడ్డు పొర అంటుకుని ఉంది" అంది సూరమ్మ.

"మీసాలు లేనిదానివి, నీకేం తెలుసు పెద్దక్కా? వాసన మనదే."

సూరమ్మ వాదించలేదు. గుడ్డివాడికి అద్దం చూపి ఏం లాభం? గదిలో పన్నెండు గుడ్లే మిగిలాయి. పుట్టలో ఇంకో చట్టం ఉంది. చచ్చిన చీమల జిడ్డు వాసన ఎవరి దగ్గర వచ్చినా, వాళ్లను మోసుకెళ్లి చెత్తదిబ్బ మీద పడేయాలి.

సూరమ్మ ఆ జిడ్డును జొన్నపొట్టులో పట్టుకొచ్చింది. "చెల్లీ, ఒంటికి కాస్త నూనె పట్టిస్తా, రా."

పురుగు మురిసిపోయింది. "నడుం దగ్గర గట్టిగా రుద్దక్కా. పొద్దంతా పిల్లల గదిలో తిరిగి లాగేస్తోంది. ఇదేం నూనె, ఏదోలా ఉంది?"

"మా ఇంట్లో ఎవరికైనా ఒక్కసారే దొరికే నూనె తల్లీ."

అది ఆరకముందే గడపమ్మ వచ్చి మీసాలతో తడిమింది. "అయ్యో, కొత్త చెల్లెలు పోయింది. మోయండే."

ఇరవై చీమలు ఎత్తుకున్నాయి.

"నేను బతికే ఉన్నానక్కా, మాట్లాడుతున్నాను కదా" అని గింజుకుంది పురుగు.

"మాటలదేముంది చెల్లీ. నువ్వు వచ్చిన రోజు కూడా నీ మాట నమ్మలేదు, వాసనే చూశాను" అంది గడపమ్మ కళ్లు తుడుచుకుంటూ.

పురుగు ఉమ్మబోయింది. "పోయినవాళ్ల నోట్లో గింజ వేయాలి" అని సూరమ్మ దాని నోట్లో జొన్నగింజ కుక్కింది.

చెత్తదిబ్బ దగ్గర కోడి తిరుగుతోంది. దానికి వాసనతో పని లేదు.

తిరిగి వచ్చాక గడపమ్మ ఇంకా ముక్కు చీదుతూనే ఉంది. "ఎంత మంచి పిల్ల."

"ఏడిస్తే ఏడువు గానీ, ముందు ఆ వెనక కన్నం పూడ్చు" అని సూరమ్మ గుడ్ల గదిలోకి నడిచింది. పన్నెండూ ఉన్నాయి.

దొంగది ఒక తప్పు, అలవాటుకు బుద్ధిని అప్పగించిన కాపలాది రెండు తప్పులు.