తిన్నవాళ్ళని పోగేసిన వంటవాళ్ళు

ఈ కథ నాకు మొట్టమొదట చెప్పింది గుండిగలు అద్దెకిచ్చే వీరభద్రం. చూసింది చెప్పాడు, చూడనిది చెప్పలేదు. ఆ తర్వాత ఎవరెవరో నోటికొచ్చినట్టు చెప్పుకున్నారు. ఒకడు ఊరు మార్చాడు, ఇంకొకడు పేరు మార్చాడు. నేను మాత్రం వీరభద్రం చెప్పినట్టే చెబుతాను. మధ్యలో ఎవరూ అడ్డం రాకండి.

నేరేళ్ళదిబ్బలో పానకాలని ఒక వంటవాడు. తమ్ముడు తిరపతయ్య, పెళ్ళాం నాంచారమ్మ. ముగ్గురూ కలిసే పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వండేవాళ్ళు. చేతివంట బాగానే ఉండేది, కాదనను. తలకాయల సంగతే వేరు. ఆ మూడు తలకాయలూ కలిపి రుబ్బినా ఒక్క అట్టుకి సరిపడా పిండి రాదు. అయితేనేం, భూమ్మీద తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం.

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివి. మిగతావాళ్ళు సొంత బుర్ర వాడి చెడిపోతున్నారు" అనేవాడు పానకాలు మీసం దువ్వుకుంటూ.

ఒకసారి పెళ్ళివారు పాలు పొయ్యి మీద పెట్టించి, పొంగకుండా చూస్తూ ఉండమని చెప్పి వెళ్ళారు. ముగ్గురూ పొయ్యి చుట్టూ కూర్చుని చూస్తూనే ఉన్నారు. పాలు పొంగాయి, పొయ్యి ఆరింది, గిన్నె అడుగంటింది.

"చూడమన్నారు, చూశాం. ఒక్క చుక్క కూడా మా కన్ను తప్పి పోలేదు" అంది నాంచారమ్మ. ఆ జవాబుకి పానకాలు వారం రోజులు మురిసిపోయాడు.

అలాంటివాళ్ళకి గడ్డుకాలం వచ్చింది. నెత్తిన టోపీలు, చేతులకి తొడుగులు పెట్టుకుని క్యాటరింగు వాళ్ళు దిగారు. పెళ్ళిళ్ళన్నీ వాళ్ళకే పోయాయి. పెళ్ళివంటకి గాడిపొయ్యి తవ్వమని పిలిచేవాడు లేడు. ఆ ఏడు పెళ్ళిళ్ళ సీజనంతా ముగ్గురూ ఇంట్లో కూర్చుని ఒకళ్ళకొకళ్ళు వండిపెట్టుకున్నారు. ఆఖరికి అదీ లేదు. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే గోళ్ళు అడుక్కి తగులుతున్నాయి.

అప్పుడు తెలిసింది, టౌనులో ఇంజనీరింగు కాలేజీ ఆడపిల్లల హాస్టలుకి వంటవాళ్ళు కావాలని. ఏడాది పొడుగునా పని, ఉండటానికి గది. పని అడిగేవాళ్ళు బయోడేటా తేవాలి.

"ఈ పని తగలకపోతే గరిటెలు అటకెక్కించాల్సిందే" అన్నాడు పానకాలు. నవ్వుతూ అన్న మాట కాదది. ఆ పూట ముగ్గురూ గంజి తాగి ఉన్నారు.

బయోడేటా రాయించుకోడానికి టౌనులో టైపు ఇన్‌స్టిట్యూట్ శేషగిరి మేష్టారి దగ్గరికి వెళ్ళారు. మేష్టారు చదువుకున్నవాడే. ఎవరితో ఏం చెబుతున్నాడో చూసుకోకుండా చెప్పడమే ఆయన తప్పు.

"ఉత్తచేతుల్తో వచ్చి రాయమంటే ఏం రాస్తానయ్యా. ముందు మీరు ఇన్నాళ్ళూ చేసిన పనంతా ఒకచోట పోగుచెయ్యండి. ఎక్కడెక్కడ వండారో అక్కడికే వెళ్ళి తెచ్చుకోండి. కొత్తది ముందుండాలి, పాతది వెనకుండాలి. చెడిపోయినవి వద్దు, బాగా కుదిరినవే తేండి. ఊరికే గొప్పలు పోతే కుదరదు, ఋజువుండాలి. అంతా ఒక్క కాగితంలో పట్టాలి. క్లుప్తంగా ఉండాలి. వెళ్ళిరండి" అన్నాడు.

బజార్లోకి రాగానే తిరపతయ్య ఆగిపోయాడు.

"అన్నయ్యా, కుమ్మరి అయితే కుండలు పోగేస్తాడు. వడ్రంగి అయితే తలుపులు ఊడబీక్కొస్తాడు. మనం వండింది ఏదీ? అంతా తినేశారుగా."

"తింటే ఎక్కడికి పోతుందిరా, తిన్నవాళ్ళ కడుపులోనే ఉంటుంది" అన్నాడు పానకాలు. "వాళ్ళని పోగేస్తే మన పని పోగయినట్టే."

"ఎప్పుడో తిన్నది ఇప్పటిదాకా ఉంటుందా?" అంది నాంచారమ్మ.

"ఉండకపోతే రంగనాయకులు బాబాయి పొట్ట అంత ముందుకి ఎలా వచ్చిందే?"

నాంచారమ్మ మొగుడికేసి మురిపెంగా చూసింది. ఎంత తెలివైనవాడిని కట్టుకున్నాను అనుకుంది. అంతే, ముగ్గురూ ఊరికి తిరిగొచ్చి తిన్నగా రంగనాయకులింటికి పోయారు.

రంగనాయకులంటే చుట్టుపక్కల ఏ ఊళ్ళో విస్తరి వేసినా వాసన పట్టి వచ్చేవాడు. మొదటి బంతిలో కూర్చునేవాడు, ఆఖరి బంతిలో లేచేవాడు, లేస్తూ ఉప్పు తగ్గిందనేవాడు. పానకాలు వండిన ప్రతి వంటా అతను తిన్నాడు, ప్రతి వంటకీ వంక పెట్టాడు.

"బాబాయ్, ఈ సీజనుకి ముందు మునసబుగారింట్లో అన్నప్రాసనకి మా పులిహోర తిన్నావుగా" అన్నాడు పానకాలు.

"తిన్నాను. ఉప్పు తగ్గింది."

"ఆ పులిహోర కోసమే వచ్చాం. నువ్వు కాలేజీ హాస్టలుకి రావాలి."

"ఏం, మళ్ళీ పులిహోరేనా? అక్కడా ఉంటుందా?"

"నువ్వొస్తే అదీ వస్తుంది బాబాయ్."

భోజనాలకి ఇంతకంటే మర్యాదగా ఎవరు పిలుస్తారు? రంగనాయకులు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. దారిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు, హాస్టల్లో పానకాలు భోజనాలట అని. ఇంకేముంది, పొయ్యి మీద గిన్నెలు దింపేసి మరీ జనం బయల్దేరారు.

పానకాలు వీధి మొదట్లో నిలబడి ఒక్కొక్కళ్ళనీ ఆపాడు.

"నువ్వు మా వంట తిన్నావా?"

"తిన్లేదు. ఇవాళ తిందామనే వచ్చా."

"అయితే నీలో మా పని లేదు. పక్కకి నిలబడు."

నాంచారమ్మకి ఒక సందేహం వచ్చింది. "ఏవయ్యా, కాంట్రాక్టరుగారి కూతురి పెళ్ళివాళ్ళని పిలవలేదేం?"

ఆ పెళ్ళిలో సాంబారు పులిసిపోయి, తిన్నవాడల్లా చెంబు పట్టుకుని పొలాలమ్మట పరిగెత్తాడు.

"పిలిచి లాభం లేదే. ఆ పని ఒక్కళ్ళలోనూ మిగల్లేదు. తెల్లారేసరికి అంతా పొలాల్లోనే వదిలేశారు" అన్నాడు పానకాలు విచారంగా.

"తట్టా పారా తీసుకెళ్ళనా అన్నయ్యా?"

"వద్దులేరా. చెడిపోయినవి వద్దని మేష్టారు ముందే చెప్పాడు. ఎంత ముందుచూపో చూడు ఆయనకి."

ఇక వరస పెట్టాలి. కొత్తది ముందు, పాతది వెనక. అన్నప్రాసన అన్నిటికంటే కొత్తది కాబట్టి చంటిపిల్లవాణ్ణి ఎత్తుకున్న తల్లిని ముందు నిలబెట్టారు. ఆ వెనక సీమంతం తిన్నవాళ్ళు, వాళ్ళ వెనక గృహప్రవేశం తిన్నవాళ్ళు. పానకాలు చేతికి గరిటె వచ్చిన కొత్తలో ఒక పెళ్ళికి వండాడు. ఆ పెళ్ళికూతురు ఇప్పుడు బోసినోటి ముసలమ్మ. ఆమెని అందరికంటే వెనక పెట్టారు. వరస ముచ్చటగా కుదిరింది, ఒక్క రంగనాయకులు తప్ప. అతను అన్నీ తిన్నాడు. ముందుండాలి, మధ్యలో ఉండాలి, వెనకా ఉండాలి.

"బాబాయ్, నువ్వు ముందు కాసేపు నడు. నేను చెయ్యూపగానే వెనక్కి పరిగెత్తు. తమ్ముడు ఈల వేస్తే మళ్ళీ ముందుకి రా" అన్నాడు పానకాలు.

"ఎందుకురా?"

"పని వరసలో ఉండాలి."

పులిహోర కళ్ళ ముందు ఆడుతోంది కాబట్టి రంగనాయకులు పరిగెత్తాడు. టౌను చేరేదాకా ఆ మనిషి ముందుకీ వెనక్కీ పరిగెత్తుతూనే ఉన్నాడు. ఆ పొట్టతో, ఆ ఎండలో. దారి పొడుగునా పానకాల్ని తిట్టని తిట్టు లేదు.

టైపు ఇన్‌స్టిట్యూట్ ముందు ఆ ఊరేగింపు ఆగింది. శేషగిరి మేష్టారు బయటికొచ్చి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమిటయ్యా ఈ జనం?"

"మా పని మేష్టారూ. మీరు చెప్పినట్టే పోగేశాం. ఇక కాగితంలో పట్టించండి."

మేష్టారు ఏదో అనేలోపే తిరపతయ్య బల్ల మీది తెల్లకాగితం లాగి గుమ్మంలో పరిచాడు. ముసలమ్మని ఎత్తి దాని మీద నిలబెట్టాడు. ఆమె పక్కన రంగనాయకుల్ని ఇరికించాడు. రెండు పాదాలు కాగితం మీదుంటే రెండు నేల మీదున్నాయి.

"కొంచెం పెద్దకాగితం లేదా మేష్టారూ?" అన్నాడు పానకాలు. "ఇంకా సీమంతం అంతా బయటే ఉంది."

మేష్టారి మొహం కందగడ్డ అయింది. "పొండి ఇక్కణ్ణుంచి. ఈ మందని ఇలాగే తోలుకుపోయి ఆ హాస్టలు వార్డెనమ్మకే చూపించుకోండి."

"విన్నారా, రాయకుండానే పనయిపోయింది" అన్నాడు పానకాలు. ఎందుకైనా మంచిదని ఆ తెల్లకాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంతే, మంద హాస్టలు మీద పడింది.

వార్డెనమ్మ ఆ పొద్దున తల పట్టుకుని కూర్చుంది. ఉన్న ఒక్క వంటవాడూ చెప్పాపెట్టకుండా పోయాడు. పిల్లలు కంచాలు మోగిస్తున్నారు. బయట చూస్తే ఊరు ఊరంతా నిలబడి విస్తళ్ళెక్కడని అడుగుతోంది.

"ఎవరు మీరంతా?"

"వీళ్ళంతా మా పనమ్మా" అన్నాడు పానకాలు చేతులు కట్టుకుని. "మేం వంటవాళ్ళం. వీళ్ళందరిలోనూ మా వంట ఉంది. కావాలంటే అడగండి."

"తిన్నారా ఇతని వంట?" అందామె.

"తిన్నాం" అన్నారు జనం.

"ఉప్పు తగ్గుద్ది" అన్నాడు రంగనాయకులు రొప్పుతూ.

ఆమె బుద్ధి ఉన్న మనిషి. కడుపు మాడుతున్న పిల్లల గోల ఒక పక్క వినబడుతోంది. "సరే, నాకు బయోడేటాలు వద్దు, ఏమీ వద్దు. బియ్యం, పప్పు, కూరలు, రవ్వ అన్నీ లోపలున్నాయి. ఇప్పుడే వండండి. మా పిల్లలూ తింటారు, మీ వాళ్ళూ తింటారు. బాగుంటే రేపట్నుంచి ఈ వంటిల్లు మీదే. గది తాళం ఇదిగో" అని తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

చూడండి. పని అక్కడే ఉంది. తాళంచెవి చెయ్యి చాస్తే అందుతుంది. గంజి తాగి వచ్చిన మనిషి పానకాలు. వాడి గుండె ఎగిరి గంతేసింది. వంటింటి గడప దాకా వెళ్ళాడు కూడా. అక్కడ ఆలోచన వచ్చింది. వాడికి ఆలోచన వచ్చినప్పుడల్లా ఎవరికో ఒకరికి కూడు పోయేది.

ఇప్పుడు వండితే వీళ్ళు తింటారు. తింటే పాతపని మీద కొత్తపని పడుతుంది. రెండూ కలిసిపోతాయి. అప్పుడు ఏది అన్నప్రాసన పులిహోరో, ఏది గృహప్రవేశం పప్పో ఎవరు చెప్పగలరు? ఇన్నేళ్ళ కష్టం ఒక్క పూటలో కలగాపులగం అయిపోదూ?

వెనక్కి తిరిగి గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వండనమ్మా. ఋజువు చెడిపోతుంది."

"ఏమిటి చెడిపోయేది?"

"మేష్టారు ఋజువుండాలన్నాడు. ముందు మీరు వీళ్ళని చూడండి. చూడ్డం అయ్యేదాకా ఒక్కళ్ళని మెతుకు ముట్టనివ్వను. తిరపతీ, అందరి నోళ్ళూ చూసుకోరా."

తిరపతయ్య వరస పొడుగునా నోళ్ళు మూయించుకుంటూ పోయాడు. ముసలమ్మ చేతిలో అరటిపండు లాక్కున్నాడు. నాంచారమ్మ ఆ తల్లి ఎదురుగా నిలబడి, చంటివాడికి పాలు పట్టొద్దని, పులిహోర తడిసిపోతుందని బతిమాలింది.

రంగనాయకులు చూశాడు, చూశాడు. పొద్దుట్నుంచీ పరిగెత్తి ఉన్నాడు. పానకాల్ని పొట్టతో ఒక్క నెట్టు నెట్టి లోపలికి పోయాడు. "నలభై ఏళ్ళు తిన్నవాణ్ణి, ఆ మాత్రం చెయ్యలేనా" అంటూ పోపు పెట్టి రవ్వ పోశాడు. ఉప్మా దించాడు. పిల్లలు తిన్నారు, జనం తిన్నారు, వార్డెనమ్మ తింది.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది ఆమె.

"సరిపోయింది" అన్నాడు రంగనాయకులు. ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. ఆమె తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

జనం మూతులు తుడుచుకుని ఇళ్ళకి పోయారు. మెట్ల మీద ముగ్గురూ మిగిలారు. లోపల్నుంచి కరివేపాకు వాసన వస్తోంది. నాంచారమ్మ కళ్ళొత్తుకుంది.

"పనంతా మన మీంచి నడిచి వెళ్ళిపోయిందయ్యా."

పానకాలు వండిన వంటలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఉన్నట్టుండి లేచాడు.

"ఏమే, ప్రతి వంటా దించేముందు రుచి చూసిందెవరు?"

"నువ్వే."

"పులిహోర?"

"నువ్వే."

"మరి అన్నీ నాలోనే ఉన్నాయిగా. ఆ మందంతా మనకెందుకు?" అని జేబులో కాగితం తీసి నేల మీద పరిచి, దాని మీద నిటారుగా నిలబడ్డాడు. "పట్టానా తిరపతీ?"

తిరపతయ్య వంగి చుట్టూ తిరిగి చూశాడు. "పట్టావన్నయ్యా. బొటనవేలు కూడా బయటికి రాలేదు."

కిటికీలోంచి వార్డెనమ్మ చూసింది. కాగితం మీద నిలబడ్డ మనిషితో ఏం మాట్లాడాలో ఆమెకి తెలియలేదు. పంపించేస్తే చాలనుకుంది.

"బాబూ, ఇప్పుడు ఖాళీ లేదు. మీ బయోడేటా ఏదో పోస్టులో వేసి వెళ్ళండి. అవసరమైతే పిలుస్తాను."

ఇంకేముంది. నాంచారమ్మ కొంగుముడి విప్పి స్టాంపులు కొంది. మొగుడి నుదుటి మీద వరసగా అంటించింది, ఊడిపోకుండా అరచేత్తో గట్టిగా ఒత్తింది. పానకాలు కాగితాన్ని ఛాతీకి ఆనించుకుని ఎర్ర పోస్టుడబ్బా ముందు వంగాడు. తమ్ముడు కాళ్ళు ఎత్తిపట్టాడు, పెళ్ళాం నడుం పట్టి నెట్టింది. మీసాలు లోపలికి పోయాయి, తల పోలేదు.

"మేష్టారు ముందే చెప్పాడు కదే, క్లుప్తంగా ఉండాలని" అన్నాడు పానకాలు డబ్బాలోకి. "మనమే మర్చిపోయాం. ఏం ఫరవాలేదు. కూడు మానేసి ఇక్కడే కూర్చుంటాను. పట్టేంత అయ్యాక వేసెయ్యండి."

అలాగే కూర్చున్నాడు, నుదుటి నిండా స్టాంపులతో. చేతిలో ఆ తెల్లకాగితం.

వీరభద్రం చెప్పింది ఇంతవరకే. ఇప్పుడు కొందరు ఆ డబ్బా దగ్గర కూర్చున్నవాడు మా ఊరివాడని, వరసకి మాకు దగ్గరవాడని చెప్పుకు తిరుగుతున్నారు. ఆ మాట ఎవరు పుట్టించారో నాకు తెలుసు, నేను మర్చిపోలేదు. పానకాలుది నేరేళ్ళదిబ్బ. మా ఊళ్ళో అలాంటివాడు పుట్టలేదు. వీరభద్రం ఉంటే వాడే చెప్పేవాడు, వాడు పోయాడు. మీలో సంగతి తెలిసిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే, నలుగురిలో నిలబడి ఆ మాట సరిదిద్దండి.