ఒంటిరంగు జోళ్ళు

ఈ కథలో నాట్యం ఉంది కాబట్టి కాస్త ఊపుగా చెబుతాను. మధ్యలో లేచేవాళ్ళు ఇప్పుడే లేవండి.

ఒక అడవిలో గులాబీరంగు రాజహంసలు నాట్యమండలి పెట్టాయి. గురువు పేరు పగడమ్మ. ఉప్పుచెరువు నుంచి వచ్చిన పక్షి, కాళ్ళు నిగనిగలాడే గులాబీరంగు. అక్కడ ఆటంతా మునివేళ్ళ మీదే. మడమ నేలకి తగిలిందా, ఆ పూటకి ఇంటికే. ఆ ఆట కోసం గిజిగాడు గడ్డిపోచలతో మెత్తటి జోళ్ళు అల్లి, తామరరేకుల రసంలో ముంచి గులాబీరంగు పట్టించేవాడు. వాటిని అందరూ ఒంటిరంగు జోళ్ళు అనేవారు. ఎవరి ఒంటిరంగు అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అక్కడికి కాటుక వచ్చి చేరింది. పడుచు మేక. కొమ్ము నుంచి గిట్ట దాకా కారునలుపు. మేకజాతి నడిచేదే గిట్టల కొసల మీద కదా, దానికి మునివేళ్ళ ఆట ఒకరు నేర్పాలా! అది గిర్రున తిరుగుతుంటే పగడమ్మ తిండి మానేసి చూసింది. ఏనుగుదొర ముందు జరిగే వసంతం ఆటలో నడిమిచోటు దానికే ఇచ్చింది.

చిక్కల్లా జోళ్ళతోనే వచ్చింది. "జోడు కాలిలో కలిసిపోవాలి. అప్పుడే చూసేవాళ్ళ కన్ను నడుము నుంచి గోటి దాకా ఆగకుండా జారుతుంది" అన్నది పగడమ్మ మొదటి పాఠం. నల్లటి కాలికి గులాబీ జోడు తొడిగితే ఆ కాలు మడమ దగ్గరే తెగిపోయినట్టుండేది. అందుకని కాటుక రోజూ పొద్దున్నే నేరేడు రసంలో బొగ్గుపొడి కలిపి జోళ్ళకి పూసుకునేది. చెమటకి కారిపోతే మళ్ళీ పూసుకునేది.

"అందరూ ఆట నేర్చుకుంటుంటే నేను అద్దకం నేర్చుకుంటున్నాను బాబాయ్" అని గిజిగాడితో వాపోయింది.

"నల్లజోడు అల్లడం నాకు చిటికెలో పనే తల్లీ. ఆ నక్కమామ ఒప్పుకోవాలి కదా" అన్నాడు గిజిగాడు.

మండలిలో నియమాల పెత్తనం, వంటింటి పెత్తనం రెండూ నక్కమామవే. దొంగ చేతికే తాళాలిచ్చారన్నమాట. రాజహంసల కోసం ఉప్పుచెరువు నుంచి రోజూ రొయ్యలు వచ్చేవి. "ఈ కారులో రొయ్యలు పడలేదమ్మా" అని పగడమ్మకి చెప్పి, వాళ్ళకి నూకలు పోసి, రొయ్యలన్నీ తనే మింగేవాడు. ఒకరోజు కాటుక మేస్తూ మేస్తూ వంటకొట్టం వెనక్కి వెళ్ళి, "ఈ రొయ్యపొట్టు ఎక్కడిది మామా?" అనేసింది.

అంతే, మర్నాడే కొత్త నియమం వచ్చింది. "రంగు పూసిన జోడుతో రంగం ఎక్కకూడదు. ఒంటిరంగు జోడుతోనే ఎక్కాలి" అన్నాడు నక్కమామ.

కాటుకకి దుఃఖం పొంగుకొచ్చింది. ఏడాదంతా ఆ నడిమిచోటు కోసమే అది ఒళ్ళు హూనం చేసుకుంది. పగడమ్మ వంక చూసింది. "నియమం కదే పిల్లా" అని గురువమ్మ తల దించుకుంది. కాటుక కూడా తల దించింది. ఎదురుగా గురువమ్మ కాళ్ళు కనిపించాయి. చూసిన కళ్ళు చూసినట్టే ఆగిపోయాయి.

నేరుగా నక్కమామ దగ్గరికి వెళ్ళింది. "గులాబీ జోడుతోనే ఎక్కుతాను మామా, దిగమంటే దిగిపోతాను. ఒక్క మాట మాత్రం దొర ముందు నీ నోటితోనే చెప్పు. జోడు రంగు, కాలి రంగు ఒకటి కాకపోతే రంగం దిగాల్సిందేనని."

"అదెంత భాగ్యం" అని నక్కమామ మీసం దువ్వుకున్నాడు. కాటుక అక్కడి నుంచి గిజిగాడి గూటికి పరుగెత్తి, చెవిలో ఏదో చెప్పింది.

ఆటరోజు అడవి అడవంతా వచ్చి కూర్చుంది. కుందేళ్ళు తాబేళ్ళ వీపులెక్కాయి, కోతులు కొమ్మలు విరిగేలా కూర్చున్నాయి. నక్కమామ గొంతు సవరించుకుని ఆ మాటని నియమం చదివినంత ఠీవిగా చెప్పాడు. దొర కాటుక కాళ్ళు చూశాడు. నల్లటి కాలు, గులాబీ జోడు. "దిగమ్మా" అన్నాడు. దిగింది.

"నియమం అందరిదీ కదా దొరా. మిగతా కాళ్ళు కూడా చూడండి" అంది.

దొర వంగి చూశాడు. గులాబీ జోళ్ళ పైన వరసగా సున్నం కొట్టిన గుంజల్లాంటి కాళ్ళు. "పగడమ్మా, నీ కాళ్ళకేమైంది?"

పగడమ్మ తన కాళ్ళు చూసుకుని బిత్తరపోయింది. పక్కవాళ్ళవీ అలాగే పాలిపోతుంటే తేడా ఎవరికి తెలుస్తుంది?

"రాజహంసల రంగు తిండిలో ఉంటుంది దొరా. రొయ్యలు తింటే గులాబీ, నూకలు తింటే తెలుపు. రొయ్యలు ఎటు పోయాయో కొట్టం వెనక పొట్టునడగండి" అంది కాటుక.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నక్కమామ గబగబా మూతి తుడుచుకున్నాడు. "దొరా, నియమమంటే మరీ అంత పట్టింపుగా..."

"ఇప్పుడే కదా నీ నోటితో చెప్పావు. అందరూ దిగండి" అన్నాడు దొర.

జనం గోలపెట్టారు. ఆట చూడకుండా కదిలేది లేదన్నారు. అప్పుడు కాటుక ఈల వేసింది. గిజిగాడు మూట విప్పాడు. అందులో రంగు పట్టించని, ఎండకి తెల్లబడ్డ గడ్డిజోళ్ళు, వాటి మధ్య నిగనిగలాడే నల్లజోడు ఒకటి. అందరూ తొడుక్కున్నారు. కాటుక నడిమిచోటులో నిలబడి మునివేళ్ళ మీద లేచింది. అబ్బ, ఏం చెప్పను! నడుము నుంచి గిట్ట దాకా ఒకే గీత, ఆ గీత సుడిగాలై తిరిగింది. దొర తొండం కూడా తాళం వేసింది.

ఇప్పుడు నక్కమామ రోజూ ఉప్పుచెరువు నుంచి రొయ్యల బుట్ట మోస్తున్నాడు, మూతికి చిక్కం కట్టుకుని. రాజహంసలకి మళ్ళీ గులాబీ తిరిగింది. గిజిగాడు మాత్రం ఎవరొచ్చినా "ముందు నీ కాలు చూపించు" అన్నాకే గడ్డిపోచ తీస్తాడు.

కాలిని చూసి జోడు అల్లాలి గానీ, జోడుని చూసి కాలిని వద్దనకూడదు.