తెల్లబియ్యం మీద పెరిగిన కోడిపిల్లలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక రైసుమిల్లు. లారీలకెత్తేటప్పుడు రాలిన పాలిష్ బియ్యం ఏరుకు తిని, తానేదో జమీందారిణి అయిపోయినట్టు మురిసిపోయే అడవికోడి అక్కడ ఉండేది. దాని పేరు ముత్యాలు.

ముత్యాలుకు అయిదు పిల్లలు. ఏ కోడైనా పిల్లలకు మొదట నేర్పేది నేల గీకడం. ఈ మహాతల్లి అదే మాన్పించింది.

"పేడ గీకి పురుగులు తినడం లేనివాళ్ళ పని. మనకు తెల్లబియ్యం ఉంది," అంది.

పక్క పొదలో ఉండే కౌజుపిట్ట గౌరి తన పిల్లలకు చెదపురుగులు, చేలో రాలిన పెసలు తినిపించేది. ఒకరోజు అది ఉండబట్టలేక వచ్చింది.

"వదినా, నీ పిల్లల రెక్కలకు ఇంకా ఈకలు రాలేదు. రెండు పురుగులు పెట్టి చూడు."

"ముందు నీ పిల్లల మూతులు కడుగు. కంపు ఇక్కడిదాకా వస్తోంది," అంది ముత్యాలు.

తర్వాత ముసలి తాబేలు చెప్పింది. "అమ్మాయ్, ఈకైనా కండైనా మాంసకృత్తులతోనే తయారవుతుంది. వాటికి ఇటుకలు అమైనో ఆమ్లాలు. కొన్నిటిని ఒళ్ళే చేసుకుంటుంది. మిగతావి తిండిలోంచే రావాలి. బియ్యంలో తక్కువైనవి పెసల్లో దొరుకుతాయి. పురుగులంటే అసహ్యమైతే పెసలైనా కలిపి పెట్టు."

"పప్పులు పడవు తాతా. మా పిల్లలు సుకుమారులు."

సుకుమారులట! సరైన తిండి లేక వాడిపోయిన పిల్లలకు అది పెట్టుకున్న ముద్దుపేరు.

చివరికి చిన్నపిల్లే అడిగింది. "అమ్మా, ఎంత రెక్కలాడించినా నేల మీంచి లేవలేకపోతున్నాను."

"ఎగరడానికి మనమేమైనా కాకులమా?" అంది తల్లి.

ఒక మధ్యాహ్నం ముంగిస వచ్చింది. గౌరి పిల్లలు రివ్వున ఎగిరిపోయాయి. ముత్యాలూ ఎగిరి కొమ్మెక్కింది. దాని పిల్లలు మాత్రం బోడి రెక్కలు కొట్టుకుంటూ కిందే ఉండిపోయాయి. ముంగిస తొందరపడలేదు. ఆ అవసరమే లేదు. రెండింటిని తినేసింది. మూడోదాన్ని పట్టి చూసి ముక్కు చిట్లించింది.

"ఒంటి మీద కండే లేదు. వీటిని పెంచిన తల్లి ఎవరో?" అని, దాన్ని ప్రాణాలతోనే వదిలేసి వెళ్ళిపోయింది.

కొమ్మ మీద ముత్యాలు ఆ మాట విన్నది. సిగ్గుతో, దుఃఖంతో కిందికి దిగింది. మిగిలిన మూడు పిల్లలనూ పేడకుప్ప దగ్గరికి తీసుకెళ్ళి, గీకడం ఎలాగో మొదటినుంచి నేర్పింది.

నీతి: పిల్లలకు పెట్టే తిండిలో గొప్ప వెతికేవాళ్ళు, ఆ గొప్పకే పిల్లలను బలిపెడతారు.