ఒకే తీరు పొగ

పెంచలయ్యకు ఒళ్ళు మండిపోతోంది. మండదూ మరి! తన తర్వాత ఎప్పుడో వచ్చి చేరిన సుభానీ, వాడి ఇంజను వాడు చంకన పెట్టుకుని దర్జాగా వెళ్ళిపోయాడు. తన ఇంజను మాత్రం ఇంకా ఉస్తాద్ బల్ల మీదే పడి ఉంది.

బిట్రగుంటలో ఉస్తాద్ సిలార్ సాహెబ్ దగ్గర పని నేర్చుకోవడమంటే మాటలు కాదు. పాత ఆవిరి ఇంజన్లకు అచ్చు గుద్దినట్టుండే బుల్లి నమూనాలు చేయడం ఆయన విద్య. శిష్యుడు బాయిలరు దగ్గర్నుంచి బోల్టు దాకా అన్నీ తనే చేసుకోవచ్చు. ఇంజను నంబరు పలక మాత్రం ఉస్తాద్ తన చేత్తో బిగించాలి. పలక పడ్డ రోజున ఆ శిష్యుడు పనివాడైనట్టు. పడలేదా, జుట్టు నెరిసినా సరే, నేర్చుకునేవాడే.

ఈసారి పలక తప్పదని పెంచలయ్య ధీమా. పొగ కోసం నానా చావూ చచ్చాడు మరి. బాయిలరు లోపల సన్నటి తీగచుట్ట, దాని మీద నూనె, వెనకాల చిటికెన వేలంత ఫ్యాను. తీగ వేడెక్కితే నూనె పొగవుతుంది. చక్రం తిరిగినప్పుడల్లా ఫ్యాను ఆ పొగను గొట్టంలోంచి గుప్పున తోస్తుంది. చూసినవాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు.

ఆ పొద్దున ఉస్తాద్ బల్ల ముందు కూర్చుని, "ఏదీ, నడుపు," అన్నాడు.

వెనక తగిలించిన బుల్లి రైలుపెట్టెలన్నీ లాక్కుంటూ ఇంజను గుండ్రటి పట్టాల మీద బయల్దేరింది. గుప్పు గుప్పున పొగ. ఉస్తాద్ పెట్టెలు ఊడదీశాడు. ఒట్టి ఇంజను నడిచింది. అదే పొగ. పట్టాల కింద ఒక పక్క ఇటుక ముక్క పెట్టి ఎత్తు చేసి, పెట్టెలు మళ్ళీ తగిలించాడు. బండి ఎక్కింది, అదే పొగ. దిగింది, అదే పొగ.

"చూశారా ఉస్తాద్!" పెంచలయ్య ఉబ్బిపోయాడు. "బరువు కట్టినా కట్టకపోయినా, ఎక్కినా దిగినా, వెంట్రుకవాసి తేడా రాదు. అట్టా కుదిరేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది!"

సిలార్ సాహెబ్ బల్ల దగ్గర్నుంచి లేచాడు. ఇంజను తిరుగుతూనే ఉంది.

"ఇంకా కాలేదబ్బయా."

అంతే! ఎన్నాళ్ళ నుంచో కడుపులో కుక్కి పెట్టుకున్నదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"ఏం కాలేదు? ఏం కాలేదో చెప్పండి! సుభానీగాడి ఇంజనుకు అసలు పొగే లేదు. దానికి పలక బిగించారే! నేనంటే మీకు గిట్టదు. నేను పనోణ్ణయితే మీ పేరు పోతుందని మీకు కుళ్ళు!"

అనకూడని మాట. అన్నాక నాలుక కరుచుకున్నాడా అంటే అదీ లేదు, ఇంకా రెచ్చిపోయాడు. "ఇంటికి పోతే మా బావమరిది రోజూ దెప్పుతున్నాడు. ఇంకా నేర్చుకుంటానే ఉన్నావా బావా అని. నాకు సిగ్గుండదా?"

ఉస్తాద్ మూలనున్న ఇనప దిమ్మె చూపించాడు. రేకులు సాగగొట్టే దిమ్మె అది, ఒక మనిషి మోయడమే కష్టం.

"దాన్ని మిద్దె మీద పెట్టు. తిట్టడం మాత్రం ఆపబాక. వెనకే వస్తా, వింటా."

పెంచలయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎగతాళా తనతో? "ఆపుతానా? ఎందుకాపుతా!" అంటూ దిమ్మెను పొట్టకు హత్తుకుని లేపాడు. కింది మెట్ల మీద గొంతు చించుకుని అరిచాడు. సగం ఎక్కేసరికి మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చింది. "మీరు... నన్ను... అన్యాయంగా..." పైమెట్టు మీద నోరైతే తెరుచుకుంది గానీ రొప్పు తప్ప ఏమీ రాలేదు. కోపం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

దిమ్మెను దబ్బున పడేశాడు. ఒట్టి చేతుల్తో దిగుతుంటే రొప్పు సర్దుకుంది, నోరు మళ్ళీ లేచింది. కిందికొచ్చేదాకా దులిపేశాడు.

సిలార్ సాహెబ్ అంతా విన్నాడు.

"పైమెట్టు కాడ ఎందుకాపావు? ఆపొద్దన్నాగా."

"ఊపిరి అందితేగా తిట్టేది!" పెంచలయ్య కస్సుమన్నాడు. "అంత బరువెత్తుకుని ఎక్కితే ఎవడికైనా అందుద్దా?"

ఉస్తాద్ నవ్వలేదు. బల్ల వైపు చెయ్యి చూపించాడు. పెట్టెలన్నీ లాక్కుంటూ ఇంజను ఎత్తు ఎక్కుతోంది, గుప్పు గుప్పున, తీరిగ్గా.

"మరి దానికెట్టా అందుతోందబ్బయా?"

పెంచలయ్య బల్ల వైపు తిరిగాడు. ఇంజను ఎత్తు ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. అదే పొగ.

పెంచలయ్య ఇంజనును పట్టాల మీంచి తీసి, కింద కూర్చుని, బాయిలరు మరలు విప్పడం మొదలుపెట్టాడు.

"మీ మీద కోపం తగ్గలేదు," అన్నాడు తలెత్తకుండా.

"తగ్గించమని నేనన్నానా?" అన్నాడు సిలార్ సాహెబ్.