అమావాస్య పోటు

జూసబ్ కప్పు కింద పడుకోడు. ఎండైనా చలైనా అతని నులకమంచం ఆరుబయటే. వాన మరీ గట్టిగా కురిస్తే నెత్తిమీద టార్పాలిన్ పట్ట కప్పుకుని కూర్చుంటాడు. లోపలికి రావయ్యా అని ఎవరైనా పిలిస్తే, “టార్పాలిన్ మీదపడి చచ్చినవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు” అంటాడు.

కచ్ తీరంలో, ఉప్పునేల అయిపోయి సముద్రం మొదలయ్యే చోట, లుక్మాన్ షా అనే సూఫీ గురువు ఉండేవాడు. ఆయనకి ఉన్నది రెండు గుడిసెలు, ఒక నీళ్ళతొట్టి, దారినపోయేవాళ్ళకి సజ్జరొట్టెలు కాల్చిపెట్టే పొయ్యి. జూసబ్ ఆయన దగ్గర శిష్యుడిగా చేరి చాలా ఏళ్ళయింది. గురువు గుడిసెలో కూర్చుని మాట్లాడుతుంటే జూసబ్ గుమ్మం అవతల ఇసుకలో కూర్చుని వినేవాడు. మొదట్లో మిగతా శిష్యులు నవ్వారు. తర్వాత అలవాటుపడ్డారు.

అంతకుముందు అతను చెక్క ఓడలు కట్టేవాడు. ఆ పనిలో చంద్రుణ్ణి అడక్కుండా ఏదీ జరగదు. ఒడ్డున కట్టిన ఓడని నీళ్ళలోకి దించాలంటే మామూలు పోటు చాలదు. అమావాస్యకో పున్నమికో వచ్చే పెద్దపోటు కావాలి. ఆ రేవులో అది మధ్యాహ్నం వేళకి వస్తుంది. అందుకని వడ్రంగులూ, తాళ్ళు లాగేవాళ్ళూ, వాళ్ళ ఇంటివాళ్ళూ అందరూ పొద్దున్నే ఒడ్డుకి చేరి నీటికోసం ఎదురుచూస్తారు.

అలా ఎదురుచూస్తున్న ఒక పొద్దున భూమి కదిలింది. ఒడ్డున ఉన్నవాళ్ళకి ఏమీ కాలేదు. ఓడ మీద చిన్న గీత కూడా పడలేదు. ఊళ్ళో రాతి ఇళ్ళు మాత్రం చాలావరకు కూలిపోయాయి. జూసబ్ ఇల్లూ కూలింది. అతని భార్య హవాబాయి ఆ సమయానికి ఇంట్లో ఉంది. చిన్నపిల్ల జైతూన్ తండ్రి భుజం మీద కూర్చుని సముద్రం చూస్తోంది.

పిల్లని పిన్ని తీసుకెళ్ళి పెంచింది. జూసబ్ మళ్ళీ ఉలి పట్టుకోలేదు. అతని బుర్రలో ఒక్కటే తిరుగుతూ ఉండేది. ఓడని లేపడానికి రావలసిన చంద్రుడే ఇంటిని కూల్చాడు. ఇంత సముద్రాన్ని లాగేవాడు నేలని లాగడా? సూర్యుడు కూడా అటువైపే చేరి లాగితే?

ఒకసారి రాళ్ళూ నేలా పరిశీలించే పెద్దమనిషి ఒకాయన ఆ దారిన వెళ్తూ రొట్టె తినడానికి ఆగాడు. జూసబ్ ఆయన్ని పట్టుకుని అడిగాడు. “నీది పిచ్చి ఆలోచనేం కాదు. మేమూ చూస్తూనే ఉన్నాం. పోటుకీ కొన్ని భూకంపాలకీ ఏదో కొంచెం సంబంధం ఉన్నట్టే కనిపిస్తుంది. సూర్యుడి సంగతి ఇంకా తేలలేదు. కానీ ఫలానా రోజు, ఫలానా చోట అని మాత్రం ఎవరూ చెప్పలేరు” అన్నాడాయన. జూసబ్ ముందు మాట పట్టుకుని చివరి మాట వదిలేశాడు. మనసుకి ఏది కావాలో చెవి అదే వింటుంది.

అప్పట్నుంచి అతను లెక్కలు కట్టడం మొదలుపెట్టాడు. చంద్రుడు ఎంత దగ్గరికి వచ్చాడో, పోటు ఎంత ఎత్తు లేస్తుందో, సూర్యుడి మీద మచ్చలు ఎన్నున్నాయో చూసుకునేవాడు. ప్రపంచంలో ఎక్కడ భూమి కదిలినా అతని ఫోను కుయ్యిమనేది. అది కుయ్యిమనని రోజు లేదు. ఒకరోజు పెరూ, ఒకరోజు జపాను, ఒకరోజు పేరు కూడా నోరు తిరగని ఏదో దీవి.

ఆ ఫోనుకి వేరే కబురు చేసేవాళ్ళు లేరు. జైతూన్ మొదట్లో చేసేది. “ఇంటికి రండి అబ్బాజాన్” అనేది. ఇవాళ రోజు మంచిది కాదనేవాడు ఇతను. పెద్దదై, పెళ్ళయి, పక్క ఊళ్ళోనే కాపురం పెట్టాక కూడా అడిగింది. ఎప్పుడడిగినా అదే జవాబు. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. ఆ తర్వాత అతనికి మిగిలిన కబుర్లన్నీ భూమి దగ్గర్నుంచే.

మొదటిసారి అతను ఒక అమావాస్యని ఖాయం చేసి చెప్పినప్పుడు ఊరు ఊరంతా మంచాలూ మేకలూ తీసుకుని మైదానంలోకి వచ్చింది. పొద్దుగూకేదాకా ఏమీ కాలేదు. చీకటి పడేవేళకి ఫోను కుయ్యిమంది. ఎక్కడో నడిసముద్రంలో భూమి కదిలింది. “చెప్పానా?” అన్నాడు జూసబ్. రెండోసారి సగం ఊరు వచ్చింది. మూడోసారి ఒక ముసలాయన, ఆయన మేకా వచ్చాయి. మేకకి వేరే దారి లేదు. జూసబ్ మాత్రం మూడుసార్లూ తన మాటే నిజమైందన్నాడు. రోజూ ఎక్కడో ఒకచోట కదిలే భూమిని నమ్ముకున్న జ్యోతిష్కుడికి ఎప్పుడూ ఢోకా లేదు.

“నిన్న ఎక్కడైనా కదిలిందా?” అని లుక్మాన్ షా ఒకరోజు రొట్టె తిరగేస్తూ అడిగాడు.

“కదిలింది హజ్రత్. ఇరాన్లో.”

“నిన్న అమావాస్యా?”

“కాదు.”

పెద్దాయన రొట్టె జూసబ్ పళ్ళెంలో వేశాడు. జూసబ్ ఆ పూట సరిగా తినలేదు. అయినా మర్నాడు మళ్ళీ లెక్క మొదలుపెట్టాడు.

ఈసారి లెక్క కుదిరిన అమావాస్య అన్నిటికన్నా పెద్దది. చంద్రుడు బాగా దగ్గరికి వస్తున్నాడు. సూర్యుడి మీద పెద్ద తుఫాను లేచిందని ఫోను చెప్పింది. జూసబ్ చెప్పినా ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు. ఆ పొద్దున అతనొక్కడే సముద్రానికి ఎదురుగా మంచం వేసుకుని కూర్చున్నాడు. గాలి తప్ప తోడు లేదు.

అప్పుడే జైతూన్ పక్కింటి మనిషి స్కూటర్ మీద వచ్చాడు.

“జూసబ్ భాయ్, తెల్లవారుజామున మీ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. మీరొచ్చి బిడ్డ చెవిలో అజాన్ చెప్పాలట. అల్లుడు ఓడ మీద ఉన్నాడు కదా. నేను చెప్తానన్నా ఒప్పుకోలేదు. అబ్బాజానే చెప్పాలంది.”

బిడ్డ పుట్టగానే చెవిలో దేవుడి పిలుపు వినిపించడం వాళ్ళ ఆచారం. ఈ లోకంలో బిడ్డ వినే మొదటి మాట అదే కావాలంటారు. ఇంటి పెద్ద ఎవరో ఒకరు చెప్తారు, ఆలస్యం చేయరు.

జూసబ్ లేచి నిలబడ్డాడు. ఆకాశంకేసి చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు.

“ఇవాళే పుట్టాలా!” అన్నాడు.

లుక్మాన్ షా గుడిసెలోంచి చేతికర్రతో బయటికి వచ్చాడు. “నడు, నేనూ వస్తాను” అన్నాడు.

రోడ్డు దాకా నడిచి, మూడు చక్రాల బండెక్కి వెళ్ళారు. దారంతా జూసబ్ పోటు గురించే మాట్లాడాడు. పెద్దాయన ఊఁ కొట్టాడు. మధ్యలో ఒకచోట జూసబ్ ఆ మాట ఆపి, “ఎలా ఉంటుందో” అన్నాడు తనలో తాను. అది బిడ్డ గురించి.

జైతూన్ ఇల్లు ఒకటే గది, పైన సిమెంటు కప్పు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి జూసబ్ కాళ్ళు ఆగిపోయాయి. లోపల మంచం మీద కూతురు, ఆమె పక్కన గుడ్డల్లో చుట్టిన బిడ్డ.

“బిడ్డని ఇలా బయటికి ఇప్పించు తల్లీ. ఇక్కడే చెప్తాను” అన్నాడు.

లోపల ఉన్న మంత్రసాని లేచింది. “పుట్టి పూటైనా కాలేదు. ఈ ఉప్పుగాలిలోకి తెమ్మంటావా? నీకు మతి ఉందా?”

“అయితే మధ్యాహ్నం దాటనివ్వండి. పోటు తగ్గాక వస్తాను.”

జైతూన్ మెల్లగా మోచేతి మీద లేచింది.

“మధ్యాహ్నం దాటితే సాయంత్రం అంటారు. సాయంత్రమైతే రేపంటారు. నా పెళ్ళికీ మీరు గుమ్మం బయటే నిలబడ్డారు అబ్బాజాన్. అందరూ లోపల తింటుంటే మీకు పళ్ళెం బయటికి పంపాను. ఆ రోజు అమ్మ పోయింది. మీరు పోలేదు, బతికే ఉన్నారు. ఉండీ నాకు లేరు.”

జూసబ్ తల వంచుకున్నాడు. కాలు మాత్రం ముందుకు పడలేదు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. “హజ్రత్, మీరే చెప్పండి అజాన్. ఇంక ఎవర్నీ అడగను” అంది.

ఆ చివరి మాట జూసబ్‌కి తగిలింది. ఇవాళ ఇంకొకరు చెప్పేస్తే ఆ ఇంటి తలుపు తనకి ఇంకెప్పుడూ తెరుచుకోదని అతనికి తెలుసు.

లుక్మాన్ షా చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. బిడ్డని రెండు చేతులా ఎత్తుకున్నాడు. చెవి దగ్గరికి వంగలేదు. మెల్లగా నడిచి వచ్చి గుమ్మానికి లోపలివైపు కింద కూర్చున్నాడు. గడపకి ఇవతల జూసబ్, అవతల ఆయన.

“చెయ్యి ఇలా ఇవ్వు.”

జూసబ్ చెయ్యి చాపాడు. పెద్దాయన ఆ చేతిని పట్టుకుని, బిడ్డ నెత్తిన ఇంకా ఎముక కలవని మెత్తని చోట, మాడు మీద ఆనించాడు. ఒకప్పుడు ఉలి పట్టి కాయలు కాచిన అరచెయ్యి అది. బిడ్డ తలంతా అందులో ఇమిడిపోయింది.

“ఏమైనా తెలుస్తోందా?”

“కొట్టుకుంటోంది” అన్నాడు జూసబ్.

“ఎప్పుడు ఆగుతుందో లెక్కకట్టి చెప్పు. అందాకా ఇద్దరం ఇక్కడే కూర్చుందాం.”

జూసబ్ చెయ్యి తియ్యబోయాడు. పెద్దాయన తియ్యనివ్వలేదు.

వీధిలో ఎవరో బిందెలు కడుగుతున్నారు. జూసబ్ గడప బయటే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అప్పుడు, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మాట చెప్పాడు.

“నేను లెక్క కట్టేది ఇవాళ్టి కోసం కాదు హజ్రత్. ఆ పొద్దుటి కోసం. తనూ మాతో ఒడ్డునే ఉంది. ఓడ దిగగానే అందరికీ బెల్లం పంచాలి కదా, ఇంట్లో మర్చిపోయి వచ్చాం. పరిగెత్తి వెళ్ళి తీసుకురమ్మన్నాను. నేనే పంపాను. చంద్రుడు పైనే ఉన్నాడు, పోటు వస్తోంది, నాకు తెలిసుండాలి. ఏదో ఒక లెక్కలో అది కనబడాలి. కనబడదు అంటే...”

“అంటే?”

“అంటే తను ఊరికే పోయినట్టు.”

మంచం మీద జైతూన్ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఈ మాట ఆమె కూడా ఎప్పుడూ వినలేదు.

లుక్మాన్ షా బిడ్డకేసి చూశాడు.

“నువ్వు బెల్లం కోసం పంపావు జూసబ్. అందుకే పంపావు.”

జూసబ్ ఏడ్చాడు. గట్టిగా, సిగ్గులేకుండా ఏడ్చాడు. చెయ్యి మాత్రం బిడ్డ తలమీదే ఉంది. బిడ్డ లేవలేదు.

ఏడుపు తగ్గాక తలెత్తి కప్పుకేసి చూశాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. పోటు వేళ.

“ఇప్పుడు కదిలితే?” అన్నాడు, చిన్నపిల్లవాడు అడిగినట్టు.

“కదలొచ్చు” అన్నాడు లుక్మాన్ షా. “లోపలికి రా.”

మంచం మీద జైతూన్ కాళ్ళు ముడుచుకుని తండ్రి కూర్చోడానికి కాస్త చోటిచ్చింది.