పెన్‌డ్రైవ్‌కి సున్నం పూసినవాళ్ళు

గొల్లలకుంటలో ముగ్గురు అన్నదమ్ములుండేవాళ్ళు. పెద్దవాడు ఓబులేసు, నడిపివాడు తిప్పన్న, చిన్నవాడు ఎర్రిస్వామి. "మనకున్న బుర్ర ఊరందరికీ పంచినా ఇంకా మిగుల్తుందిరా" అనేవాడు ఓబులేసు. మిగలదా మరి! వాడకుండా దాచిన సరుకు ఎక్కడికి పోతుంది?

ఊరి బయట ఇరవై స్తంభాల పాత మండపానికి తరతరాలుగా వీళ్ళింటివాళ్ళే కావలి. దాని కప్పు లోపలివైపు నాలుగొందల ఏళ్ళ నాటి రంగుల పెళ్ళి ఊరేగింపు ఉంది. ఏటా వానలకు ముందు కప్పు పగుళ్ళకు సున్నం, బెల్లం కలిపి పూయాలి. ఒక్క ఏడు మానితే బొమ్మలు నీళ్ళపాలే.

ఒకనాడు పట్నం నుంచి హిమజ అనే ఆవిడ మూడు కాళ్ళ మిషనుతో వచ్చింది. మండపాన్ని అంగుళం వదలకుండా స్కాన్ చేసి కంప్యూటర్లో దాచడం ఆవిడ పని.

"మిషను తిరిగేటప్పుడు ఇక్కడేదీ కదలకూడదు" అంది.

అంతే! తిప్పన్న తన మేకను స్తంభానికి కట్టేశాడు. తోక ఆడిస్తోందని తోకకు రాయి కట్టాడు. తన ఛాతీ కదులుతోందని ఓబులేసు ముక్కూ నోరూ మూసుకున్నాడు. కాసేపటికి కళ్ళు తేలేసి మిషను మీద పడ్డాడు. పాపం ఆవిడ మళ్ళీ మొదటి నుంచీ చేసుకుంది.

మూడో రోజు ఆవిడ ఓబులేసు చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టింది. "మండపం మొత్తం ఇందులోకి వచ్చేసింది. ఇది మీ కాపీ, భద్రం. నెలలో మేస్త్రీలను తెచ్చి కప్పు బాగుచేయిస్తాను."

ఇంకేముంది! ఇరవై స్తంభాల బరువు చేత్తో మోస్తారా? ఎద్దులబండి కట్టి ఇంటికి తోలారు.

"ఎద్దులకు ఆయాసమే రాలేదేమన్నా?" అన్నాడు ఎర్రిస్వామి.

"స్తంభాలు పండుకోనుంటాయిలేరా. నిలబడితేనే బరువు" అన్నాడు ఓబులేసు.

మబ్బు పట్టింది. తిప్పన్న సున్నం, బెల్లం కలిపి మండపం వైపు నడిచాడు.

"యాడికి పోతాండావురా? మండపం ఇంట్లో పెట్టుకోని!" అని ఓబులేసు గదమాయించాడు. అంతే, ముగ్గురూ కూర్చుని పెన్‌డ్రైవ్‌కి మూడు పూతలు పూశారు. బయట వాన దంచికొట్టింది. పెళ్ళికొడుకు తలపాగా రంగు కరిగి గుర్రం మీదికి కారింది. చూసేదెవరు?

తెల్లారేసరికి బెల్లానికి చీమలు పట్టాయి.

"అన్నా, మండపానికి చీమలు!"

"రాతి గది కట్టి అందులో పెట్టాల్రా."

"రాళ్ళు యాడియన్నా?"

"ఊరి బయట ఉండాయి కదరా! మండపం ఇక్కడికొచ్చేసె. ఆడ మిగిలినవి వట్టి రాళ్ళే."

ఎంత తెలివి! ఇరవై రోజులు గడ్డపారలతో మండపం విప్పి, పెరట్లో పెన్‌డ్రైవ్ చుట్టూ నాలుగు గోడలు లేపారు. కప్పూ వేశారు. తలుపుంటే దొంగ వస్తాడని తలుపు మాత్రం పెట్టలేదు.

నెలకు హిమజ మేస్త్రీలతో వచ్చింది. మండపం చోట ఖాళీ నేల. పరుగున వీళ్ళింటికొస్తే పెరటి గోడలో పెళ్ళికూతురి ముఖం తలకిందులుగా కనిపించింది, సగం రంగు రాలిపోయి. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చేసింది. రెండేళ్ళు ఎందరి కాళ్ళావేళ్ళా పడితే దొరికిన మేస్త్రీలు!

కాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచింది. "సరే. ఏ రాయి ఎక్కడిదో నా కంప్యూటర్లో ఉంది. గోడలు మెల్లగా విప్పి, ఏ రాయి చోట ఆ రాయి నిలబెడదాం."

మేస్త్రీ గడ్డపార ఎత్తాడు. ముగ్గురన్నదమ్ములూ గోడకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డారు.

"అయ్యయ్యో, నాలుగొందల ఏండ్ల నాటి రాళ్ళు మేడమ్! అట్ల పగలగొడితే పాపం తగల్దా?" అన్నాడు ఓబులేసు. "ముందు ఈ గదిని గూడా స్కాన్ చేసి ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఆ తర్వాత మీరెందుకు, మేమే ఈ రాళ్ళను నున్నగా పిండి కొట్టిస్తాం!"